వచ్చిన సమయం

ఆ ఆసుపత్రిలో ఆవిడను అందరూ గడియారం సిస్టర్ అనే పిలిచేవాళ్ళు. ముప్ఫై ఒక్క ఏళ్ళ ఉద్యోగంలో ఒక్క రోజు కూడా నిమిషం ఆలస్యంగా వచ్చిన మనిషి కాదు. ఆవిడ గేటు దాటుతుంటే చూసి కాపలా మనిషి తన చేతి గడియారం సరిచేసుకుంటాడని ఒక జోకు ఉండేది. జోకేం కాదు, అతను నిజంగానే సరిచేసుకునేవాడు. అలాంటి మనిషి ఒక పిల్ల విషయంలో ఒక సమయం రాయకుండా వదిలేసింది. ఈ కథంతా ఆ ఖాళీ గడి గురించే.

మోకాళ్ళు మొరాయించడంతో ఏడాది కిందట ఆవిడను పిల్లల ఎమర్జెన్సీ బల్ల దగ్గర్నుంచి రికార్డుల గదికి మార్చారు. మెట్లు దిగి వెళ్ళాల్సిన గది. ఉన్న ఒక్క కిటికీలోంచి దారిన పోయేవాళ్ళ చెప్పులు తప్ప ఇంకేమీ కనిపించవు. ఇనుప అరల నిండా పాత రిజిస్టర్లు, వాటి మీద వేలు పెడితే వేలు కనపడనంత దుమ్ము. రిటైర్మెంటుకు ఇంకా రెండు నెలలుంది. పై అంతస్తులో అప్పుడే వీడ్కోలు సభ గురించి కొట్లాట మొదలైంది, ఎవరు పొగడాలి, ఎవరిని ఎక్కువసేపు పొగడనివ్వకూడదు అని.

డాక్టరమ్మ ఒక సోమవారం పొద్దున వచ్చింది. ముప్ఫై ఏళ్ళు దాటి ఉండవు. భుజాన ల్యాప్‌టాప్ సంచి, జేబులో మూడు రంగుల పెన్నులు, కళ్ళ కింద నిద్రలేని చారలు. పిల్లల డాక్టరే గానీ, ఆ ఏడాది పరిశోధన ఒకటి నెత్తికెత్తుకుంది.

"ఎమర్జెన్సీకి వచ్చిన పిల్లల్లో ఎవరు ఎంతసేపు కూర్చోవాల్సి వస్తోందో చూస్తున్నాను సిస్టర్," అంది. "అమ్మానాన్నలు తీసుకొచ్చిన పిల్లలు ఒక పక్క. హోముల్లో పెరిగే అనాథ పిల్లలు, రేకుల షెడ్లలోంచి కూలీలు పని మానుకోలేక ఎవరితోనో పంపిన పిల్లలు, దారిన పోయేవాళ్ళు ఎత్తుకొచ్చిన పిల్లలు ఇంకో పక్క. ఒకే జబ్బుతో వస్తే ఇద్దరినీ ఒకేలా చూస్తున్నామా లేదా తేల్చాలి. తేడా ఉంటే దిద్దాలి."

"తేడా ఎందుకుంటుందండీ? పిల్లలంతా మాకు ఒకటే," అంది గడియారం సిస్టర్. నోరు తెరిస్తే ఆ మాటే రావాలని ముప్ఫై ఏళ్ళుగా అలవాటైపోయింది మరి.

"ఉండకూడదనే నా ఆశ కూడా. కానీ మీ దస్తూరీ చదవమని ఆరుగురిని అడిగాను. ఆరుగురూ చేతులెత్తేశారు. ఇక మీరే దిక్కు."

"నా దస్తూరీకేం వచ్చింది? ముత్యాల్లా గుండ్రంగా ఉంటుంది!"

"గుండ్రంగానే ఉంటుంది సిస్టర్. అన్ని అక్షరాలూ ఒకేలా గుండ్రంగా ఉంటాయి. చిక్కంతా అక్కడే."

గడియారం సిస్టర్ పకపకా నవ్వింది. ఆ గదిలో ఎవరైనా నవ్వి చాలా కాలమైంది. ఆ రోజు నుంచి ఇద్దరూ పనిలో పడ్డారు. ఆవిడ చదవడం, డాక్టరమ్మ ఒక్కో పిల్లకు ఒక్కో చీటీ రాసి, ఆ చీటీని కంప్యూటర్లోకి ఎక్కించడం. పేరు చదవకూడదు, నంబరు మాత్రమే. వయసు, జబ్బు, ఏడుస్తోందా లేదా, ఎవరు తీసుకొచ్చారు, ఏ రంగు రిబ్బన్ కట్టారు, వచ్చిన సమయం, డాక్టరు చూసిన సమయం.

రిబ్బన్ సంగతి చెప్పాలి. బల్ల దగ్గర కూర్చున్న సిస్టర్ వచ్చిన ప్రతి పిల్లనూ ఒక్క నిమిషం చూసి మణికట్టుకు రిబ్బన్ ముక్క కడుతుంది. ఎరుపు కడితే పరుగెత్తాలి. పసుపు కడితే తొందరపడాలి. పచ్చ కడితే కూర్చోవచ్చు. ఆ నిమిషంలో చూడాల్సినవి మూడు: ఊపిరి ఎలా ఉంది, జ్వరం ఎంత, పిల్ల ఏడుస్తోందా లేదా. రోజుకు నూటయాభై మంది పిల్లలు వచ్చేచోట నాలుగోది అడిగే తీరిక ఎవరికుంటుంది?

మూడు వారాలకు పని కొలిక్కి వచ్చింది. ఒక మధ్యాహ్నం డాక్టరమ్మ కుర్చీలోంచి లేచినంత పని చేసింది.

"సిస్టర్, మీ మాటే నిజమైంది! అమ్మానాన్నలున్న పిల్లలు సగటున నలభై ఒక్క నిమిషాలు కూర్చున్నారు. వెంట అమ్మానాన్నలు లేని పిల్లలు ముప్ఫై ఎనిమిది. తేడా లేదు. పైగా వీళ్ళనే ముందు చూశారు!"

"చెప్పానుగా," అంది గడియారం సిస్టర్. మనసు మాత్రం ఎందుకో కుదురుగా లేదు. "మరి ఆ అట్టపెట్టెలో ఉన్నవి?"

"అవి లెక్కలోకి రావు. రెండు సమయాల్లో ఏ ఒక్కటి లేకపోయినా ఆ చీటీ పక్కన పెట్టెయ్యాలని ముందే నియమం రాసుకున్నాం. ఎప్పుడొచ్చిందో తెలియని పిల్ల ఎంతసేపు కూర్చుందో ఎలా చెప్తాం? రెండొందల పన్నెండు ఉన్నాయి. కట్టకట్టి పైన పెట్టించండి. ఎల్లుండి నివేదిక ఇచ్చేస్తాను."

డాక్టరమ్మ వెళ్ళిపోయాక ఆవిడ కట్ట కట్టడానికే పెట్టె ముందు కూర్చుంది. చేతులు ఊరుకోవుగా, ఒక్కోటీ తీసి చదివింది. హోము. షెడ్డు. హోము. దారిలో దొరికిన పిల్లాడు. హోము. షెడ్డు. మొత్తం చదివేసరికి కిటికీ అవతల చెప్పుల సందడి తగ్గిపోయింది. రెండొందల పన్నెండులో అమ్మానాన్నలు తెచ్చినవాళ్ళు పంతొమ్మిది మంది. మిగిలినవాళ్ళంతా అడిగేవాళ్ళు ఎవరూ లేనివాళ్ళే. అందరికీ పచ్చ రిబ్బనే. అందరికీ 'వచ్చిన సమయం' గడి ఖాళీ.

ఎందుకు ఖాళీయో ఆవిడకు తెలియక కాదు. రద్దీ రోజుల్లో ఎరుపు వాళ్ళకు, పసుపు వాళ్ళకు సమయం అప్పటికప్పుడు రాస్తారు. పచ్చ వాళ్ళకు రిబ్బన్ కట్టి కూర్చోబెట్టి, లోపలికి పిలిచేటప్పుడు రాసుకోవచ్చులే అనుకుంటారు. మనసులో చెడేమీ లేదు, చేతిలో తీరిక లేదు, అంతే. అమ్మానాన్నలున్న పచ్చ పిల్లలకు దాంతో నష్టం లేదు. తండ్రి పావుగంటకోసారి బల్ల మీదకు వంగి 'మేం ఎప్పుడొచ్చామో తెలుసా' అని గద్దిస్తాడు, చచ్చినట్టు రాస్తారు. గద్దించడానికి ఎవరూ లేని పిల్లల గడులు అలాగే ఉండిపోతాయి. ఇప్పుడు ఖాళీ గడులున్న చీటీలు తీసి పక్కన పెడితే, అందరికంటే ఎక్కువసేపు కూర్చున్న పిల్లలే లెక్కలోంచి లేచిపోయారు. ఇక తేడా ఎక్కడ కనిపిస్తుంది, నా మొహం!

ఇంతకీ ఆ అలవాటు బల్లకు నేర్పింది ఎవరనుకున్నారు? గడియారం సిస్టరే. కొత్తగా వచ్చిన ప్రతి సిస్టర్‌కూ 'పచ్చ వాళ్ళవి తర్వాత రాసుకోవచ్చమ్మా, ముందు ఎర్రవాళ్ళను చూడండి' అని చెప్పింది ఆవిడే. 

పెట్టె అడుగున ఆ పిల్ల చీటీ ఉంది. ఉంటుందని తెలిసే వెతికింది. ఆడపిల్ల, ఏడేళ్ళు. కడుపు నొప్పి. హోము. ఏడుపు: లేదు. పచ్చ. చూసిన సమయం: ఒకటీ నలభై. వచ్చిన సమయం: ఖాళీ. చీటీ డాక్టరమ్మ రాసిందే, కానీ పక్కన రిజిస్టరు తెరిస్తే అదే వరస ఆవిడ గుండ్రటి అక్షరాల్లో ఉంది.  డాక్టరమ్మకు చదివి వినిపించినప్పుడు కూడా ఆ వరసను ఉత్త నంబరులా గబగబా దాటేసింది మరి.

ఆ రోజు ఆ పిల్లను తెచ్చింది హోములో వంటావిడ. వార్డెన్ సంతకం పెట్టిన చీటీ ఒకటి చేతిలో ఉంది. దాని మీద తేదీ ఉంది గానీ సమయం లేదు.

"నిన్న సాయంత్రం నుంచి తిండి సయించడం లేదు సిస్టర్. పొద్దున లేచి కడుపులో నొప్పి అంది."

"ఏడ్చిందా?"

"ఏడవదండీ. మా దగ్గర పిల్లలు ఏడవరు. కానీ మాట్లాడటం లేదు. దీన్ని మేం పిచ్చుక అంటాం. వంటింట్లో కూర్చుందంటే నోరు మూత పడదు. బస్సులో ఒక్క మాట మాట్లాడలేదు సిస్టర్, నాకు భయంగా ఉంది."

గడియారం సిస్టర్ ఆ మాట వినలేదని కాదు. వింది. విని, చెవిన పెట్టలేదు. ఊపిరి బాగుంది, జ్వరం కొంచెమే, ఏడుపు లేదు. పచ్చ. రిబ్బన్ కడుతూ చేతి గడియారం చూసుకుంది కూడా. తొమ్మిదీ పది. చూసుకుని, రాయలేదు.

అదే క్షణంలో ఇంకో పిల్లాడు వచ్చాడు, అమ్మ, నాన్న, నాయనమ్మ, బాబాయి వెంట రాగా. ముక్కులో పూస దూరింది వాడికి. కప్పు ఎగిరిపోయేలా అరుస్తున్నాడు. వాడికి పసుపు కట్టింది. అరుపు ఆపడానికి బెంచీ మీద కూర్చున్న పిచ్చుకను చూపించింది.

"అటు చూడు నాన్నా! ఆ పాప చూడు, కడుపు నొప్పైనా ఎంత బుద్ధిగా కూర్చుందో! బంగారు తల్లి! ఏడవని పిల్లలంటేనే ఈ సిస్టర్‌కి ఇష్టం." అని బల్ల సొరుగులోంచి ఒక పెన్సిల్ తీసి పిచ్చుకకు బహుమతిగా ఇచ్చింది. పిచ్చుక రెండు చేతులతో అందుకుంది. పూస పిల్లాడిని అరగంటలో లోపలికి పిలిచారు.

పన్నెండున్నరకు వంటావిడ బల్ల దగ్గరికి వచ్చింది. "నొప్పి తగ్గిందంటోంది సిస్టర్, కానీ ఒళ్ళు చల్లగా ఉంది." తగ్గిందన్న మాట మాత్రం గడియారం సిస్టర్‌కు బాగా వినపడింది. "ఇంకో పది నిమిషాలు కూర్చోమ్మా నువ్వు," అంది. ఆ పది నిమిషాలు గంట దాటాయి. లోపల పేగు చిట్లితే నొప్పి కాసేపు తగ్గినట్టు ఉంటుందని ముప్ఫై ఏళ్ళ సిస్టర్‌కి తెలియదా? తెలుసు. ఒక్కసారి లేచి వెళ్ళి పొట్ట మీద చెయ్యి వేసి ఉంటే తెలిసేది. బల్లకూ బెంచీకీ మధ్య ఎనిమిది అడుగులు. ఒకటీ నలభైకి పిల్ల బెంచీ మీంచి జారి పడిపోతే అప్పుడు పరుగెత్తారు. ఆపరేషన్ చేశారు. మూడో రోజు మధ్యాహ్నం పోయింది.

విచారణ జరిగింది. పొడుగాటి బల్ల, ముగ్గురు పెద్దమనుషులు, మూతలు పెట్టిన మంచినీళ్ళ గ్లాసులు. పిల్లను ఎన్నింటికి తెచ్చారని వాళ్ళు వంటావిడను అడిగారు. 'పిల్లలు బడికి వెళ్ళగానే బయల్దేరామండీ' అంది. గంట చెప్పమన్నారు. ఆవిడకు గడియారం చూడటం రాదు. వార్డెన్ తన మెడకు చుట్టుకుంటుందేమోనని కిమ్మనలేదు. చివరికి గడియారం సిస్టర్‌ను అడిగారు.

"గుర్తు లేదండీ," అంది ఆవిడ.

అంతే. రెండే రెండు మాటలు. అబద్ధం చెప్పినట్టు కూడా అనిపించలేదు ఆ పూటకు. 'తీవ్రమైన స్థితిలో, ఆలస్యంగా తీసుకువచ్చారు' అని రాసి పెద్దమనుషులు చేతులు దులుపుకున్నారు. హోము వాళ్ళు వంటావిడను పనిలోంచి తీసేశారు.

ఆ కట్ట కట్టకుండానే గడియారం సిస్టర్ ఇంటికి వెళ్ళింది. మర్నాడు సెలవు చీటీ పంపింది, ఉద్యోగంలో అలా అప్పటికప్పుడు మానడం అదే మొదటిసారి. ఇంట్లో కూర్చుని తనతో తానే వాదించుకుంది. రెండు నెలలు ఓపిక పడితే పూలదండ వేసి పంపిస్తారు. ఎవరికీ ఏమీ తెలియదు. పోయిన పిల్ల ఎలాగూ తిరిగి రాదు. ఇలా ఎన్ని సర్దిచెప్పుకున్నా, వాదన చివర వంటావిడ వచ్చి నిలబడుతోంది. పిల్లను చంపింది ఆలస్యం చేసిన వంటావిడే అని కాగితం మీద ఉంది. రేపు డాక్టరమ్మ నివేదిక వెళితే, ఈ ఆసుపత్రిలో ఏ పిల్లా అన్యాయంగా కూర్చోలేదని ఇంకో కాగితం మీద కూడా ఉంటుంది. బల్ల దగ్గర పచ్చ రిబ్బన్లు అలాగే కడుతూ ఉంటారు. ఆవిడ నేర్పిన అలవాటే ఆవిడ వెళ్ళిపోయాక కూడా బతుకుతుంది.

నివేదిక ఇవ్వాల్సిన రోజు పొద్దున డాక్టరమ్మ రికార్డుల గదికి వచ్చేసరికి అట్టపెట్టె బల్ల మీద బోర్లించి ఉంది. రెండొందల పన్నెండు చీటీలూ పరిచి ఉన్నాయి.

"ఇవి లెక్కలో లేకపోతే మీ లెక్క అబద్ధం డాక్టర్ గారూ," అంది గడియారం సిస్టర్. తర్వాత నీళ్ళు నమలకుండా అంతా చెప్పింది. పచ్చ రిబ్బన్ల అలవాటు, దాన్ని మొదలుపెట్టింది తానేనన్న సంగతి, పిచ్చుక, పూస పిల్లాడు, పొడుగాటి బల్ల ముందు తాను అన్న రెండు మాటలు.

డాక్టరమ్మ చీటీలు ఒక్కోటీ తిరగేసింది. "ఈ నియమం రాసింది నేనే సిస్టర్," అంది చివరికి. "ఖాళీ ఉంటే తీసెయ్యమని. తీసేసింది ఎవరినో ఒక్కసారి కూడా చూసుకోలేదు. ఎంత సంతోషపడిపోయానో చూడండి!" కళ్ళు తుడుచుకుని ముక్కు ఎగబీల్చింది. "నివేదిక ఇవ్వను. మళ్ళీ మొదటి నుంచి చేస్తాను. కానీ మీ జ్ఞాపకం ఒక్కటే చాలదు. ఆ రోజు, ఆ పూట రాసిన కాగితం ఏదైనా ఉండాలి. ఒక్కో పిల్లకూ వెతకాలి. ఈ పాపకైతే ఎక్కడ దొరుకుతుంది?"

"ఉంది," అంది గడియారం సిస్టర్, తల ఎత్తకుండా. "విచారణలో వంటావిడ ఒక కాగితం చూపించింది. పిల్ల గీసిన గీతలని పక్కన పడేశారు. నేను కూర్చున్నచోటి నుంచి కనిపించింది. అవి గీతలు కావని నాకు అప్పుడే తెలుసు."

డాక్టరమ్మ ఆవిడ వైపు చూసిన చూపులో కోపం ఉంది. ఉండొద్దూ మరి? "పదండి," అంది.

వంటావిడ ఇప్పుడు ఒక లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. బస్సు దిగి రెండు వీధులు నడిస్తే వచ్చింది దుకాణం. ముందు గదిలో కట్టలు కట్టిన బట్టలు, వెనక గదిలో ఆవిరి, వేడి, రెండు ఇస్త్రీ బల్లలు. వంటావిడ ఒక తెల్ల చొక్కా కాలరు మీద ఇస్త్రీ పెట్టె నడుపుతోంది. గడియారం సిస్టర్‌ను చూడగానే గుర్తుపట్టింది. చెయ్యి ఆపలేదు.

"ఏం కావాలి?"

"ఆ రోజు మీరు పొద్దున్నే వచ్చారు. నాకు గుర్తుంది," అంది గడియారం సిస్టర్. దారంతా కూడగట్టుకున్న మాటలన్నీ ఎక్కడికో పోయి, ఇదొక్కటే మిగిలింది.

ఇస్త్రీ పెట్టె ఆగింది. "ఇప్పుడు గుర్తొచ్చిందా?"

"అప్పుడూ గుర్తుంది."

వంటావిడ ఇస్త్రీ పెట్టెను నిలబెట్టి, ప్లగ్గు తీసి, చొక్కా మడత పెట్టింది. మడత పెట్టిన చొక్కాను మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది. "అప్పుడూ గుర్తుంది," అని తనలో తాను అనుకుంది. "మూడేళ్ళు. హోములో పిల్లల్ని చూడటానికి వెళితే గేటు తియ్యలేదండీ నాకు. నా చేతి తిండి తిని పెరిగినవాళ్ళు గోడ మీంచి తొంగి చూశారు. మీకు మాత్రం గుర్తుంది!"

గడియారం సిస్టర్ క్షమించమని అడగలేదు. అడగడానికి ముఖం చెల్లలేదు. తాను సంతకం పెట్టి తెచ్చిన కాగితం బల్ల మీద పెట్టింది. పిల్ల తొమ్మిదీ పదికి వచ్చిందనీ, కూర్చోబెట్టింది తానేననీ, విచారణలో తెలిసీ చెప్పలేదనీ రాసి ఉంది దాంట్లో. డాక్టరమ్మ చదివి వినిపించింది. అలాంటిదే ఇంకో కాగితం పైవాళ్ళకు ఆ పొద్దునే అందింది. వీడ్కోలు సభ గురించిన కొట్లాట ఈపాటికి ఆగిపోయే ఉంటుంది.

"ఆ రోజు పాప గీసిన కాగితం ఉందా అమ్మా?" అని అడిగింది డాక్టరమ్మ. "దాంతో ఈ సాక్ష్యం నిలబడుతుంది. పాప వివరం లెక్కలోకి వస్తుంది. పాపలాంటి పిల్లలు ఇంకా చాలామంది ఉన్నారు."

 వంటావిడ గోడకు తగిలించిన సంచిలోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో పచ్చ రిబ్బన్ ముక్క, వేలెడు పెన్సిల్, నాలుగు మడతల కాగితం. వార్డెన్ సంతకం పెట్టిన చీటీ అది. వెనక వైపు ఐదు గుండ్రాలు, ఐదు గడియారాలు.

"ఇవ్వను," అంది. "ఇక్కడే చూసి రాసుకోండి, ఫోటో తీసుకోండి. కాగితం మాత్రం నా దగ్గరే ఉంటుంది." కాగితం మడతలు వేలితో సాపు చేసింది. "ఆ వారమే బళ్ళో గడియారం చూడటం నేర్పారు దానికి. నాకూ నేర్పిస్తానని ఒకటే గోల. బెంచీ మీద కూర్చుని గోడ గడియారం చూస్తూ ఇవి గీసింది. ఎంతైందే అంటే చెప్పదు. ఇంటికెళ్ళాక నువ్వే చదివి చెప్పాలి అత్తా, నీకు పరీక్ష, అంది."

"మరి ఎవరితోనైనా చదివించుకోలేదా?" అంది డాక్టరమ్మ.

"ఆ పెద్దమనుషులు గీతలని పక్కన పడేశాక ఇంకెవరికీ చూపించడానికి భయమేసిందమ్మా. ఆలస్యంగా తెచ్చావు, ఆలస్యంగా తెచ్చావు అని అందరూ అంటుంటే నాకే అనుమానం వచ్చేసింది. ఒకవేళ ఎవరికైనా చూపిస్తే మధ్యాహ్నం అని చెప్తారేమో? అప్పుడు నేను ఎలా బతకాలి?" కాగితాన్ని గడియారం సిస్టర్ ముందుకు జరిపింది. "మీరే చదవండి. మీ ఎదురుగానే గీసింది. ఆ పెన్సిల్ కూడా మీరిచ్చిందే."

గడియారం సిస్టర్ కళ్ళజోడు పెట్టుకుంది. అంకెలు వంకరటింకరగా ఉన్నాయి, మూడు అంకె బోర్లా తిరిగి ఉంది. కానీ చిన్న ముల్లు చిన్నదిగా, పెద్ద ముల్లు పెద్దదిగా శ్రద్ధగా గీసింది పిల్ల.

"మొదటిది తొమ్మిదింపావు," అని చదివింది. "రెండోది పది. మూడోది పదకొండున్నర."

"అప్పుడే అడిగాను దాన్ని," అంది వంటావిడ. "పళ్ళు బిగబట్టి కూర్చుంది. నుదురంతా చెమట. నొప్పి ఎక్కువైందా, గట్టిగా ఏడువ్, ఏడిస్తే పిలుస్తారు అన్నాను. ఏడవనంది. ఆ సిస్టర్ నన్ను బంగారు తల్లి అంది అత్తా, ఏడిస్తే మళ్ళీ అనదు అంది."

గదిలో ఆవిరి గొట్టం బుసకొడుతోంది. గడియారం సిస్టర్‌కు ఇది తెలియదు. మూడేళ్ళు తనను తాను తిట్టుకున్న తిట్లలో ఈ సంగతి లేదు. పిల్ల ఏడవకపోవడం వల్ల తాను పొరబడిందనే ఇన్నాళ్ళూ అనుకుంది. ఆ ఏడుపు నోరు నొక్కింది తానేనని అనుకోలేదు. ఆ పిల్లను జీవితంలో ఎవరు బంగారు తల్లి అని ఉంటారు? ఒక్కసారి ఎవరో అంటే, ఆ మాట పోగొట్టుకోకూడదని ప్రాణం పోయేదాకా బిగబట్టింది.  గడియారం సిస్టర్ కన్నీళ్ళు కళ్ళజోడు కిందనుంచి కారి చెంపల మీదకు వచ్చాయి. తుడుచుకునే అర్హత కూడా లేదనిపించింది ఆవిడకు.

"చదవండి," అంది వంటావిడ.

"నాలుగోది పన్నెండున్నర."

"మీ దగ్గరికి వచ్చింది అప్పుడే. ఐదోది?"

ఐదో గడియారంలో పన్నెండు, ఒకటి, రెండు వరకే అంకెలున్నాయి. ముళ్ళు లేవు. గుండ్రం కూడా పూర్తిగా కలవలేదు.

"ఐదోది గీయలేకపోయింది," అంది గడియారం సిస్టర్.

డాక్టరమ్మ ఫోటో తీసింది. తన ఫారం మీద 'వచ్చిన సమయం' అన్న గడిలో తొమ్మిదీ పది అని రాసి, చూసిన సమయంలోంచి తీసేసి, నాలుగు గంటల ముప్ఫై నిమిషాలు అని వేసింది. పక్కన పచ్చ రిబ్బన్ గడి. దాని పక్కన 'ఏడుపు: లేదు.' ఆ గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. బల్ల దగ్గర అడగాల్సిన మూడు ప్రశ్నల్లో ఆ మూడోది ముందు కొట్టెయ్యాలని అప్పుడే అనుకుంది. కానీ ఆ మాట అక్కడ పైకి అనలేదు, ఆ గదిలో ఆ మాటకు ఏం విలువ?

వంటావిడ కాగితాన్ని తన వైపు లాక్కుంది. మొదటి గుండ్రం మీద వేలు పెట్టింది. ఇస్త్రీ వేడికి బొబ్బలెక్కి గట్టిపడిన వేలు.

"ఇది మళ్ళీ చదవండి."

"తొమ్మిదింపావు."

"పొద్దున్నేనా?"

"పొద్దున్నే అక్కా. మీరు ఆలస్యం చేయలేదు. కూర్చోబెట్టింది నేను."

వంటావిడ తల ఊపింది. చిన్న ముల్లు మీద, తర్వాత పెద్ద ముల్లు మీద వేలు నడిపింది, నేర్చుకుంటున్నట్టు. 

"ఇంకోసారి చదవండి," అంది.